ఆరున్నొకటి

మా వీధి చివర పఠన మందిరంలో కుర్రాళ్లు మొన్న ఒక చర్చ పెట్టారు. బడిచదువు బతుకుతెరువుకు పనికొస్తుందా, రాదా అన్నది విషయం. వస్తుందని కొందరు, రాదని కొందరు వాదించుకున్నారు. రాదన్నవాళ్లు కూడా ఆ మాట బడిలో నేర్చిన ఇంగ్లీషు కలిపే చెప్పారు. చివర్లో అధ్యక్షులవారు నావైపు తిరిగి, "బడి గుమ్మం తొక్కకుండా ఇన్నేళ్లు లెక్కలు రాసినవారు, మీరేమంటారు?" అన్నారు. నలుగురిలో నిలబడితే నాకు మాట తడబడుతుంది. రాసి ఇస్తానన్నాను. ఇదే ఆ రాత.

ముందుగా నా చదువు సంగతి. మా ఇంటి పక్క అరుగు మీద ఒక పంతులుగారు బడి నడిపేవారు. కిటికీ ఇవతల కూర్చుని నేను ఎక్కాలు విన్నాను. పదమూడో ఎక్కం వానాకాలంలో చెప్పేవారు, జల్లు కొడుతుందని కిటికీ వేసేసేవారు. అందుచేత ఆ ఎక్కం దగ్గర నాకు ఇప్పటికీ కొంచెం అనుమానమే. మిగతాది సంతల్లో చింతపండు కాటా పక్కన కూర్చుని పట్టుకున్నాను. ఆ పాటి చదువుతో మన్యంలో ఉద్యోగం దొరికింది. చలిజ్వరం వచ్చి కడుపులో బల్ల పెరిగి కొండ దిగేదాకా ఆ ఉద్యోగమే చేశాను.

అరకు లోయలో డుంబ్రిగుడ సంతకు పోయే దారిలో ఒక ఎస్టేటువారి విత్తనాల కొట్టు ఉండేది. చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లు కోతలయ్యాక చోడి, సామ, వలిసె విత్తనాలు తెచ్చి అక్కడ దాచుకునేవారు. ఇళ్లలో ఉంచితే ఎలుకలూ తేమా మిగల్చవు. తొలకరి ముందు వచ్చి కొలిపించుకుని పట్టుకుపోయేవారు. దాచినందుకు కొట్టు కొంత ఉంచుకునేది. అక్కడ పనివాళ్లం ఇద్దరమే. రాసేది నేను, కొలిచేది ఒక పెద్దాయన.

ఆయనది గట్టు దిగువ ఊరు, వ్యవసాయ కుటుంబం. వయసులో నాకంటే చాలా పెద్ద, నేను మావా అని పిలిచేవాణ్ని. ఆయన కొలుస్తుంటే చూడాలి. కుంచం నింపి, అంచు మీద అరచెయ్యి ఒక్కసారి తిప్పి, గోనె మీద పోసి, పాట పాడినట్టు అంకె చెప్పేవాడు. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను. గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. రాశి ఒంటిదైపోకూడదని. తరవాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ పైది మాత్రం ఏడు అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, విత్తనం మీద ఆ మాట పడకూడదు. ఆరున్నొకటి అంటారు. ఆ తరవాత ఎనిమిది. ఈ పద్ధతి మావతోపాటే కొండెక్కిందో, అంతకు ముందే ఉందో నాకు తెలియదు. నేను వెళ్లేసరికే కొండవాళ్లకు అది లేకపోతే కొలిచినట్టు కాదు.

ఇలా ఉండగా పై ఆఫీసువారు మాకొక గుమాస్తాను పంపారు. పట్నంలో స్కూలు ఫైనలు ప్యాసైన కుర్రవాడు. వాళ్లింట్లో తాతతండ్రులంతా బళ్లలో పాఠాలు చెప్పినవాళ్లే, గింజలు గోనెసంచిలో ఇంటికి రావడమే తప్ప కొలవడం చూసిన ఇల్లు కాదు. ఒక ట్రంకుపెట్టె, గొడుగు, అద్దం కట్టించిన సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చాడు. సర్టిఫికెట్టు గోడకు తగిలించబోతే మట్టిగోడలో మేకు నిలవలేదు. చివరికి దాన్ని చోడి బస్తాకు ఆనించి పెట్టాడు. మంచివాడు. కొత్తగా పెళ్లయింది. భార్య పుట్టింట్లో నెలలతో ఉందన్న సంగతి వచ్చిన మొదటి రోజే మావతో చెప్పాడు. మావతో చెబితే సంతలో దండోరా వేసినట్టే.

సాయంకాలాలు మాకు తన చదువు రుచి చూపించేవాడు. ఒకనాడు మావను అడిగాడు. "పదిమంది మనుషులు ఒక గోడను పన్నెండు రోజుల్లో కడితే, ఇరవైమంది ఎన్ని రోజుల్లో కడతారు?"

"ఇరవైమందీ ఒక్క ఊరోళ్లేనా బాబూ?" అన్నాడు మావ.

"ఊరు ఇవ్వలేదు."

"మజ్జిలో సంతరోజు ఉందేటి?"

"అవేమీ లెక్కలో ఇవ్వరు."

"మరేటిచ్చినట్టు? ఆళ్ల మీద మేస్త్రీ ఉన్నాడా, అదైనా సెప్పు."

కుర్రవాడు నవ్వి, ఆరు రోజులు అన్నాడు. మావ ఒప్పుకోలేదు. అంతమంది ఒక్క గోడ దగ్గర చేరితే ఇరవై రోజులు తగాదాకే పోతాయన్నాడు. ఇద్దరూ నావైపు చూశారు. నేను ఆరే అన్నాను, కాని అంత గట్టిగా అనలేకపోయాను.

ఎస్టేటు మేనేజరు ఒక దొరగారు. కొత్త గుమాస్తాను కొట్టు పని గమనించి రిపోర్టు రాయమని ఆయన హుకుం పంపారు. అప్పటికి విత్తనాలు బయటికి ఇచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి, ముందుగా దిగిన ఒకటి రెండు ఊళ్లకు కొలత జరుగుతోంది. కుర్రవాడు పెన్సిలు పట్టుకుని మావ వెనక నిలబడ్డాడు. రాశి రాశికీ మొదట లాభం అని వినబడుతోంది. రెండో నాడు ఉండబట్టలేక అడిగాడు.

"ఆ లాభం ఎవరికయ్యా?"

మావ ఎంతో సంతోషించాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. "అందరికీ బాబూ. రైతుకి లాబం, కొట్టుకి లాబం. మీ దయవల్ల నాకూ లాబమే."

కుర్రవాడు రాసుకున్నాడు.

ఆ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. తరవాత చాలా రోజులకు అతనే నాకు తెలుగులో చెప్పాడు. హైస్కూలులో ఆవు మీద వ్యాసం రాయడంలో అతనికి బహుమతి వచ్చిందట. ఆ కొలతలోనే ఇదీ కుట్టాడు. కొట్టు ఉపయోగకరమైన స్థలము. దానికి రెండు తలుపులు కలవు. కొలిచేవాడు ఉపయోగకరమైన మనిషి. అతనికి ఒక కుంచము కలదు. ఇంతవరకూ ఎవరికీ హాని లేదు. ఆఖరి వాక్యం ఇలా ఉంది: ప్రతి రాశిలోను మొదటి కుంచము లాభముగా తీయబడును, దానిని రైతు, కొట్టు, కొలిచేవాడు పంచుకొందురు.

పదిహేను రోజులకు తపాలా మనిషి తిరుగు హుకుం తెచ్చాడు. కొలిచేవాడు రైతుల విత్తనంలో దొంగకొలత తీస్తున్నట్టు తెలిసింది. కుంచానికి లక్కముద్ర వేసి ఉంచవలసింది. మేనేజరుగారే స్వయంగా వచ్చి విచారిస్తారు. రుజువైతే కొలిచేవాణ్ని పోలీసుకు అప్పగిస్తారు.

కుర్రవాడు దాన్ని చదివి వినిపిస్తూ సగంలో ఆగిపోయాడు. తను అలా రాయలేదన్నాడు. రాసినదేమిటో, దాన్ని అవతల ఎలా చదువుకున్నారో అతనికి అంతుపట్టలేదు. నేను లక్క కరిగించాను. ముద్ర మావే పట్టుకున్నాడు.

"దొంగకొలతగాడని పేరెట్టుకుని నాను గట్టు ఎలా దిగేది?" అన్నాడు మావ. "మా ఊళ్లో నా సేతికి గింజ తాకనిత్తారేటి? నా తమ్ముళ్లూ కొలగాళ్లే. ఆళ్ల సేతులు కూడా నరికేసినట్టే కదా."

కుర్రవాడు అన్నం తినలేదు. "నేను దొరగారికి వివరిస్తాను," అన్నాడు.

"వివరించే పెట్టావు కద బాబూ," అన్నాడు మావ. కోపంగా అనలేదు. అదే కుర్రవాడికి కష్టమైంది.

దొరగారు వచ్చిన రోజుకు మబ్బు కమ్ముతోంది. విత్తనాల కోసం నాలుగైదు ఊళ్లవాళ్లు బుట్టలతో దిగి కొట్టు ముందు కూర్చున్నారు. దొరగారు గొడుగు నీడన మడతకుర్చీలో కూర్చున్నారు. ఆయనకు తెలుగు రాదు. మాలో ఎవరికీ ఇంగ్లీషు రాదు, కుర్రవాడికి తప్ప. అందుచేత అతని రిపోర్టు మీద జరిగే విచారణకు అతనే దుబాసీ అయ్యాడు. దీనిలో వింత ఎవరికీ కనబడలేదు.

దొరగారు మొదట మావను అడిగారు. మొదటి కుంచాన్ని నువ్వు లాభం అంటావా? అంటానన్నాడు మావ. ఎప్పటినుంచి? మా అయ్య కాలం నుంచీ అన్నాడు. నీ తండ్రి కూడానా అని దొరగారు రాసుకున్నారు.

ఇక నేను ఊరుకోలేకపోయాను. లెక్క తెలిసినవాణ్ని కదా, సాఫీగా విడమరిచి చెబుదామని ముందుకు వచ్చాను. మొదటిదాన్ని ఒకటి అనకూడదు గనక లాభం అంటామండీ అన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సగం చెప్పి వదలడం నా స్వభావం కాదు. అలాగే ఏడు అని కూడా అనమండీ, కొలతలో మాకు ఏడు లేదు అన్నాను.

కుర్రవాడు నా మాటలు ఒక్కటీ పొల్లు పోకుండా ఇంగ్లీషులో పెట్టాడు. బడిలో ప్రతిపదార్థం రాయడంలో అతనెప్పుడూ మొదటివాడట. తాత్పర్యం రాసే వేళకు గంట కొట్టేసేవారనుకుంటాను.

దొరగారు కుర్చీలో ముందుకు వంగారు. కుర్రవాడు ఆయన మాటలు నాకు తెలుగు చేశాడు.

"దొరగారు ఏమంటున్నారంటే, పది కుంచాల్లో మొదటిది లాభం కింద పోతోంది. ఏడోది అసలు ఉండడమే లేదు. పదికి రెండు. రిపోర్టులో ఉన్నదానికి ఇది రెట్టింపు అంటున్నారు. నిజం ఒప్పుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు."

మావ నావైపు చూసి, "ఇంక నువ్వు కూకో నాయినా," అన్నాడు.

నేను కూర్చున్నాను. కుర్రవాడి మొహం చూశాను. లాభమంటే ఏమిటో అతనికి అప్పటికి అర్థమైంది. తన రిపోర్టు తప్పని చెబితే తన ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే మావ పోతాడు. అతను రెండూ చెయ్యలేదు. దొరగారితో ఏదో గొణిగాడు. మాటలు అక్కర్లేదు, కొలిపించి చూడండి అన్నాడట. దొరగారికి అది నచ్చింది.

కుంచం మీది లక్కముద్ర పగలగొట్టారు. ముందు వచ్చిన ఊరివాళ్ల చోడి రాశి గోనె మీద పోశారు. మొదట మావ తన పద్ధతిలో కొలవాలి. అదే రాశిని తరవాత గుమాస్తా బడి అంకెలతో కొలవాలి. రెండూ సరిపోతే నేరం లేనట్టు.

మావ కొలిచాడు. లాభం దగ్గర మొదలుపెట్టి ఆరున్నొకటి మీదుగా తొమ్మిదితో రాశి అయిపోయింది. కుంచం కుర్రవాడికి అందించాడు.

అప్పుడు ఆ ఊరి ముసలమ్మ లేచింది. విత్తనాల బుట్ట ఆమెదే. "బాబూ, మా ఇత్తనం మీద ఆ మాట అంటావా?" అంది.

"దొరగారి హుకుం," అన్నాడు కుర్రవాడు.

"అను మరి. అన్న గింజ మేం జల్లం. ఈ పాలి గట్టు మీద చోడి ఉండదు, అంతే."

కుర్రవాడు మొదలుపెట్టాడు. ఒకటి. కొండవాళ్లలో గుసగుస లేచింది. రెండు, మూడు. అంచు మీద చెయ్యి తిప్పడం రాక గింజలు చిమ్ముతున్నాడు. మావ ఒక్కొక్క గింజా ఏరి తిరిగి రాశిలో వేస్తున్నాడు. నాలుగు, అయిదు, ఆరు. తరవాతి కుంచం నింపి పైకెత్తాడు.

ముసలమ్మ మెల్లగా అంది. "మీ ఇంట్లో గుంట నెలలతో ఉందట గద బాబూ. అను, నీ ఇట్టం."

కుంచం అలాగే గాలిలో ఉండిపోయింది. దొరగారు వేలితో కుర్చీ చేతి మీద కొట్టి, "సెవెన్?" అన్నారు. ఆ మాట నాకూ తెలుసు, అంకెలు ఇంగ్లీషులో చదవడం మైలురాళ్ల మీద నేర్చుకున్నాను. కుర్రవాడు నోరు తెరిచాడు. మూశాడు. "సెవెన్?" అన్నారు దొరగారు మళ్లీ, ఇంకొంచెం గట్టిగా.

"ఏటి బాబూ అలా నిలబడిపోనావు," అన్నాడు మావ. "సెయ్యి నొప్పెడతాది. పోసెయ్యి."

కుర్రవాడు పోశాడు. పోస్తూ, "ఆరున్నొకటి," అన్నాడు.

కొండవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. దొరగారు అదేమిటన్నారు. అప్పుడు ఆ కుర్రవాడు కుంచం కింద పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు చెప్పడం, అదే మాకు తెలుగులో చెప్పడం, అలా చెప్పుకుపోయాడు. మా భాషలో ఆ అంకె, ఏడుపు ఒకటే మాట దొరగారూ. అందుకని మేం మాటను దాటేస్తాం, గింజను కాదు. లాభమంటే ఒకటికి ముద్దుపేరు దొరగారూ. నేను దాన్ని రొక్కం లాభం అనుకుని రాశాను. తప్పు నాది, కుంచానిది కాదు.

మిగిలిన రెండు కుంచాలూ కొలిచాడు. ఎనిమిది, తొమ్మిది. రాశి సరిపోయింది.

దొరగారు తను రాసుకున్నది ఒకసారి చదువుకున్నారు. తరవాత నవ్వారు. అయితే నవ్వుతో వ్యవహారం తెగదు కదా. ఎస్టేటు కొట్టులో ఒకటి, ఏడు లేకుండా కొలత జరిగిందని పైవాళ్లకు ఎలా రాసేది, ఎవరో ఒకరు ఆ అంకెలు పైకి చెప్పి తీరాలి అన్నారు. ముసలమ్మ వల్లకాదంది. మళ్లీ మొదటికొచ్చాం. నాకొక ఉపాయం తోచింది గాని, మావ నావైపు చూడడంతో నోరెత్తలేదు.

చివరికి మావే అన్నాడు. "బాబూ, ఇంగిలీసులో ఏడంటే ఏడుపేనా?"

"కాదు."

"మరింకేటి. దొరగారు ఇందాకట్నుంచి సెవెను సెవెనని అరుత్తన్నారు, ఈ ముసిల్ది ఉలిక్కిపడిందేటి? నాను నా మాట అంటాను. నా పక్కన నిలబడి నువ్వా మాట అను. బేగి తేల్చండి, వానొత్తంది."

దొరగారు దానికి సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే కొలత మొదలైంది. మావ లాభం అంటే కుర్రవాడు వన్ అనేవాడు. మావ ఆరున్నొకటి అంటే అతను సెవెన్ అనేవాడు. ఎస్టేటుకు ఎస్టేటు అంకె, విత్తనానికి విత్తనం అంకె. కొండవాళ్లకు ఆ ఇంగ్లీషు తెగ నచ్చింది. అదేదో మంత్రమనుకున్నారో ఏమో, మరుసటి ఏడాదికి అది లేని రాశి వద్దనడం మొదలుపెట్టారు. ఒక వారం కుర్రవాడికి చలిజ్వరం వస్తే, అతను లేచి నిలబడేదాకా ఒక ఊరివాళ్లు బుట్టలు బోర్లించుకుని కొట్టు ముందే కూర్చున్నారు. అంటే అతని చదువు ఊరికే పోలేదు. బళ్లో మొదటి నెల చదివింది పూర్తిగా వినియోగపడింది. మిగతా పదేళ్ల చదువు కోసం కాబోలు, రెండేళ్లు తిరక్కుండా పై ఆఫీసుకు మార్చారు. తప్పు రిపోర్టు రాసినందుకూ, అది తప్పని తేల్చినందుకూ కలిపి అతనికి కొండల సంగతులు బాగా తెలుసునని పేరు వచ్చింది. తప్పు రాయనివాళ్లం గనక మావా నేనూ ఉన్నచోటే ఉన్నాం. మావ ఓపిక ఉన్నంతకాలం ఆ కుంచం పట్టుకుని, దొంగ అన్న మాట లేకుండా గట్టు దిగాడు. నాకదే చాలు.

చర్చ జరిగిన మర్నాడు ఆ కుర్రవాడు, ఇప్పుడు కుర్రవాడు కాడు, నేను లెక్కలు రాసే బెల్లం మండీకి వచ్చాడు. వెంట కూతురు. ఆ వానాకాలంలో పుట్టిన పిల్లే. రెండు నెలల కిందట బళ్లో వేస్తే పంతులుగారు లెక్కల్లో సున్నా వేసి, పిల్లకు అంకెలు రావని చీటీ పంపారట.

"ఏం చెప్పమంటారు?" అన్నాడు. "నేను ఇంట్లో చోడి కొలుస్తుంటే చూసింది, నాతోపాటు అంటోంది. బళ్లోనూ లాభం, రెండు అంటుందట. ఏడు దగ్గర ఎంత కొట్టినా నోరు విప్పదట. నేనే తీసుకెళ్లి పంతులుగారికి వివరించాలి."

"రిపోర్టు రాసి పంపకపోయావా?" అన్నాను.

అతను నవ్వలేదు. పంతులుగారి చీటీ ఇంకా చేతిలోనే ఉంది.

నేను పిల్లను దగ్గరకు పిలిచి, బల్ల మీద బెల్లం అచ్చులు చూపించి, లెక్కపెట్టమన్నాను. మొదటి అచ్చు వైపు వేలు చాపి ఆగింది. తండ్రి వైపు చూసింది, నావైపు చూసింది.

"ఇక్కడ ఏ లెక్క తాతా? బడిదా, ఇంటిదా?"

ఆ ప్రశ్న అడగాలని వాళ్ల నాన్నకు పదేళ్ల బడిలో ఎవరూ చెప్పలేదు. కిటికీ ఇవతల కూర్చున్న నాకూ వినబడలేదు. దెబ్బలు తిన్న రెండు నెలల్లో ఈ పిల్లకు వచ్చేసింది.

"ఇది అమ్మే సరుకమ్మా," అన్నాను.

"అయితే లాభం," అని మొదటి అచ్చు మీద వేలు పెట్టింది.